పాలపళ్ల గాట్లు, పసిచేతులు

సాయంత్రం ఏడు దాటితే మా కుక్కపిల్లకి పూనకం వచ్చేది. అప్పటిదాకా దివాన్ కింద ఒళ్లు తెలియకుండా పడుకున్నది ఒక్కసారిగా లేచి, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి పరుగులు తీసి, చివరికి మా నాలుగేళ్ల పాప గౌను అంచు పట్టుకుని వేలాడేది. పాప కాళ్లకి వెండి పట్టీలు. అడుగు వేస్తే గల్లుమనేవి. ఆ చప్పుడికి మా కుక్కపిల్ల పండుగాడి చెవులు నిక్కబొడుచుకునేవి. పాప పరిగెత్తేది, వాడు వెంటపడేవాడు, మడమ మీద సూదుల్లాంటి పళ్లు దిగేవి, పాప కెవ్వుమనేది. ఆ కేక వింటే వాడికి ఇంకా హుషారు.

"దాని మూతి మీద ఒక్కటి వెయ్యమ్మా, భయం లేకపోతే ఎలా?" అనేవారు మా అత్తయ్యగారు. కుక్కల్ని పెంచిన అనుభవమున్న పక్క ఫ్లాటు పెద్దాయన వెల్లకిలా పడేసి గొంతు దగ్గర అదిమి పట్టమన్నారు, ఇంట్లో పెద్ద ఎవరో దానికి తెలియాలట. కుక్కపిల్లని అమ్మినాయనకి ఫోన్ చేస్తే "మూడు నెలలు నిండితే అదే మానేస్తుందండీ" అన్నాడు. మా తమ్ముడు ఏవో వీడియోలు చూసి, "అది కొరికినప్పుడల్లా నువ్వు కుయ్యిమని అరువక్కా, కుక్కపిల్లలు ఒకదానికొకటి అలాగే నేర్పుకుంటాయి" అన్నాడు.

నాలుగు నోళ్లు, నాలుగు మాటలు. వాళ్లెవరూ ఊరికే అన్న మాటలు కావవి. ఒక్కోదాని వెనకా ఒక్కో నమ్మకం, ఒక్కో చరిత్ర ఉన్నాయి. ఆ నాలుగింటినీ ఒక్కొక్కటిగా పట్టుకుని, కుక్కల ప్రవర్తన మీద గత అరవై డెబ్బై ఏళ్లలో జరిగిన పరిశోధనతో పోల్చి చూడాలనిపించింది. చూస్తూ పోతే ఇంకో సంగతి కూడా తట్టింది. ఆ నలుగురూ కుక్కపిల్లని ఏం చెయ్యాలో చెప్పారు. పాపని గురించి గానీ, ఆ సమయంలో ఆ గదిలో ఉండాల్సిన పెద్దవాళ్ల గురించి గానీ ఒక్కరూ ఒక్క మాటా అనలేదు.

ముందు మాటల సంగతి. తెలుగులో కొరకడం వేరు, కరవడం వేరు. చెరుకు కొరుకుతాం, గోళ్లు కొరుక్కుంటాం. పాము కరుస్తుంది. కొరకడంలో పగ లేదు. రెండు నెలల కుక్కపిల్ల చేసేది నూటికి తొంభై పాళ్లు కొరకడమే. దానికి చేతుల్లేవు. పసివాడు చేతికి దొరికిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుని చూసినట్టు అదీ లోకాన్ని నోటితోనే తడుముతుంది. తోబుట్టువులతో ఆడేదీ నోటితోనే. కానీ కొరికించుకున్న పసిపిల్ల మాత్రం "అమ్మా, కరిచింది" అనే అంటుంది, ఆ నొప్పీ నిజమే. ఆడుకోవడానికి కొరికిందని తెలిసినంత మాత్రాన మడమ మీద గాటు మానిపోదు. ఈ రెండు నిజాలనీ ఒకేసారి మనసులో పెట్టుకోని సలహా ఏదైనా కొన్నాళ్లకే బెడిసికొడుతుంది.

అమ్మినాయన మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే అది వినడానికి హాయిగా ఉంటుంది. కుక్కపిల్ల పళ్లు లేకుండా పుడుతుంది. మూడో వారం నుంచి పాలపళ్లు వస్తాయి, రెండు నెలలు నిండేసరికి 28 ఉంటాయి. నాలుగో నెల వచ్చేటప్పటికి అవి ఊడటం మొదలవుతుంది, ఆరేడు నెలలకి 42 శాశ్వత దంతాలు కుదురుకుంటాయి. అంటే మూడు నెలలు నిండగానే కొరకడం ఆగే మాట అటుంచి, చిగుళ్ల సలుపు అసలు మొదలయ్యేదే ఆ తర్వాత. ఆ రోజుల్లో చెప్పులు, కుర్చీ కాళ్లు, తుడుపుకర్ర, ఏదీ మిగలదు. ఏడో నెలకి సలుపు తగ్గి, కొరకడం దానంతటదే చాలావరకు తగ్గే మాట కూడా నిజమే. కానీ ఈ నాలుగైదు నెలలూ పాప మడమల వెంట పరిగెత్తడం ఒక ఆటగా కుదిరిపోతే, పళ్లు మారినా ఆట మారదు. అప్పటికి కుక్క బరువు పాప బరువుకి సమానం అవుతుంది.

ఆయన చెప్పని మాట ఇంకొకటుంది. పిల్లకి నలభై అయిదు రోజులని మాకు అమ్మాడు. మర్నాడు పశువుల డాక్టరమ్మ నోరు తెరిచి చూసి, ముప్ఫై అయిదుకి మించి ఉండవన్నారు. మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఆ నియమం ఊరికే పెట్టింది కాదు. 1965లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, బార్ హార్బర్‌లో ఏళ్ల తరబడి చేసిన పనిని పుస్తకంగా తెచ్చారు. కుక్కపిల్ల జీవితంలో మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు నడిచే కాలం ఎంత కీలకమో అందులో తేలింది. తోటి కుక్కలతో, మనుషులతో ఎలా మెలగాలో అప్పుడే మనసులో ముద్రపడుతుంది. అందులో మొదటి సగం తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య గడవాలి. గట్టిగా కొరికితే అవతలిది ఆట మానేసి వెళ్లిపోతుందని పిల్ల తెలుసుకునేది అక్కడే. ఇటలీ పరిశోధకులు 2011లో 140 పెద్ద కుక్కల యజమానుల్ని అడిగి చూశారు. వాటిలో సగం ముప్ఫై నలభై రోజుల వయసులో తల్లిని విడిచినవి, సగం రెండు నెలలకి విడిచినవి. ముందు విడిచినవాటిలో అతిగా మొరగడం, భయం, తిండినీ బొమ్మల్నీ ఎవరినీ ముట్టుకోనివ్వకపోవడం, ఆటలో కొరకడం, అన్నీ ఎక్కువగా కనిపించాయి. యజమానుల మాట మీద ఆధారపడిన అధ్యయనం గనక దాన్నే తుది తీర్పు అనలేం. అయినా మా పండుగాడిని చూశాక నాకు అందులో అనుమానం లేదు. అక్కాచెల్లెళ్ల మధ్య నేర్వాల్సిన పాఠం నేర్వకుండా వచ్చాడు, ఆ పాఠానికి పలక మా పాప కాలయింది. చిన్నపిల్లలున్న ఇంటికి కుక్కపిల్లని తెచ్చుకునేవాళ్లకి నేను గట్టిగా చెప్పే మొదటి మాట ఇదే: ఎనిమిది వారాలు నిండేదాకా ఆగండి, తల్లినీ ఒకసారి చూసి తెచ్చుకోండి.

ఇక పక్క ఫ్లాటు పెద్దాయన మాట. దీనికున్నంత పొడుగు చరిత్ర మిగతావాటికి లేదు. జర్మనీలో కాన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన శిక్షణ పుస్తకం పోలీసు కుక్కలకీ, ఆ తర్వాత సైన్యం కుక్కలకీ దారి చూపింది. బలంతో లొంగదీయడం అందులో మూలసూత్రం. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బాసెల్ జంతుశాలలోని తోడేళ్లని చూసి, అవి పెత్తనం కోసం ఒకదాన్నొకటి అణచుకుంటాయని రాశాడు. ఎక్కడెక్కడి నుంచో తెచ్చి ఒకే ఆవరణలో పెట్టిన తోడేళ్లవి. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ 1970లో తన తోడేళ్ల పుస్తకంలో ఆ భావాన్నే లోకానికంతా చేర్చాడు. న్యూ స్కీట్ అనే మఠం సన్యాసులు కుక్కల పెంపకం మీద 1978లో తెచ్చిన పుస్తకంలో, తప్పు చేసిన కుక్కని వెల్లకిలా పడేసి అదిమి పట్టమన్నారు. మా పెద్దాయన చెప్పింది అక్షరాలా అదే. న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక మఠంలో పుట్టిన సలహా మల్కాజిగిరిలోని మా అపార్టుమెంట్ల మూడో అంతస్తు దాకా నడిచి వచ్చింది.

ఆ సలహా చెప్పినవాళ్లే తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారన్న సంగతి మాత్రం అంత దూరం రాలేదు. మీచ్ కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లని ఏళ్ల తరబడి గమనించి, 1999లో తన పాత మాట తప్పని రాశాడు. అడవిలో తోడేళ్ల గుంపంటే ఒక కుటుంబం. తల్లి, తండ్రి, పిల్లలు. అక్కడ పెత్తనం కోసం కుస్తీలు లేవు, కన్నవాళ్లు ముందు నడుస్తారు, అంతే. మఠం సన్యాసులు కూడా 2002లో తమ పుస్తకం కొత్త ముద్రణలో ఆ పద్ధతిని వదిలేశారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మెఘన్ హెరాన్, ఆమె సహచరులు 2009లో తేల్చిన లెక్కలు నన్ను బాగా కదిలించాయి. ప్రవర్తన సమస్యలతో వైద్యానికి తెచ్చిన కుక్కల యజమానుల్ని, ఇంట్లో ఏమేం చేసి చూశారో, దానికి కుక్క ఏం చేసిందో అడిగారు. కొట్టినా తన్నినా 43 శాతం తిరగబడ్డాయి. వెల్లకిలా పడేసి అదిమితే 31 శాతం. దవడల చర్మం పట్టుకుని కుదిపితే 26 శాతం. అవి అప్పటికే ఇబ్బందిపెడుతున్న కుక్కలు, రెండు నెలల పిల్లలు కావు, ఆ తేడా మరచిపోకూడదు. అయినా దెబ్బకి దెబ్బ అన్న పాఠం ఏ వయసులో మొదలైనా ముగిసేది ఒకచోటే. 2020లో పోర్చుగల్‌లో 92 కుక్కల మీద జరిగిన అధ్యయనంలో కఠిన శిక్షణ పొందినవి ఎక్కువ ఒత్తిడిలో ఉన్నట్టు ఒంటి తీరులోనూ, లాలాజలంలోని కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనులోనూ కనిపించింది. అమెరికాలోని పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం 2021లో తన మాట సూటిగా చెప్పేసింది: ఏ కుక్కకీ, ఏ సమస్యకీ బాధపెట్టే శిక్షణ వద్దు.

మూతి మీద ఒక్కటి వెయ్యమనే అత్తయ్యగారి మాట ఈ సిద్ధాంతాల్లోంచి వచ్చింది కాదు. పల్లెటూళ్లో పెరటి కుక్కని పెంచినప్పటి అలవాటు అది. ఆ కుక్క ఇంట్లోకి రాదు, చూరు కింద పడుకుంటుంది, దానికీ పసిపిల్లలకీ మధ్య వాకిలంత దూరం ఉంటుంది. రెండు గదుల ఫ్లాటులో ఆ దూరం ఎక్కడిది? నేనూ రెండుసార్లు వేశాను, దాచుకోను. మొదటిసారి పండుగాడు అదొక కొత్త ఆటనుకుని నా చేతి మీదకే ఎగిరాడు. రెండోసారి కొంచెం గట్టిగా పడింది. ఆ తర్వాత వారం రోజులు నా చెయ్యి పైకి లేస్తే చాలు తల వంచి పక్కకి తప్పుకునేవాడు. పసిపిల్లల చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది, ఊపుతూ ఉంటుంది, చెంప నిమరబోయి చెవి లాగుతుంది. పైకి లేచిన చెయ్యంటే భయపడే కుక్క పక్కన అలాంటి చెయ్యి తిరగడం కంటే ప్రమాదం ఇంకేముంది? మూడో రోజు మా పాప దివాన్ మీద కూర్చుని, నేను చేసినట్టే వేలు చూపించి, వాడి మూతి మీద కొట్టింది. ఆ రోజుతో మా ఇంట్లో కొట్టడం ఆగిపోయింది.

తమ్ముడు చెప్పిన కుయ్యిమనే పద్ధతి మిగిలింది. దాని మూలం ఇయాన్ డన్‌బార్. ఇంగ్లండులో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడిన పశువైద్యుడు. 1980ల మొదట్లో, కుక్కపిల్లలకి ఆరు నెలలు నిండేదాకా శిక్షణ వద్దనుకునే రోజుల్లో, గొలుసు లేకుండా, తిండి ముక్కలతో, ఆటలతో పసి కుక్కలకి బడి పెట్టాడు. కొరకడం గురించి ఆయన చెప్పిన ఆలోచన నాకు ఈ మొత్తం రంగంలోకెల్లా లోతుగా తోస్తుంది. పాలపళ్లు వాడి, దవడ బలహీనం. అంటే నొప్పి తెలుస్తుంది, పెద్ద గాయం కాదు. నోటి బలాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకోవడానికే ప్రకృతి ఆ కొద్ది నెలలు ఇచ్చిందంటాడు ఆయన. అందుకే ఒక్కరోజులో కొరకడం మాన్పించొద్దు, ముందు బలం తగ్గించాలి, తర్వాత సార్లు తగ్గించాలి. గట్టిగా కొరికితే "అబ్బా" అని ఆట ఆపెయ్యాలి. మెత్తగా పడితే ఆడుతూ ఉండాలి. క్రమంగా మెత్తనిదాన్నీ ఒప్పుకోవడం మానెయ్యాలి. రేపెప్పుడైనా ఆ కుక్క తోక మీద తలుపు పడి, నొప్పితో పక్కనున్న చేతిని పట్టినా, చిన్నప్పుడు నేర్చిన అదుపు వల్ల పళ్లు లోపలికి దిగవు.

ఇది ఎక్కువగా శిక్షకుల అనుభవం మీద నిలబడ్డ పద్ధతి, ప్రయోగశాల మీద కాదు. అయినా పెద్దవాళ్ల చేతుల్లో బాగా పనిచేస్తుందని నా చేతులే సాక్ష్యం. అందులో కుయ్యిమనే భాగం మీద మాత్రం ఇప్పుడు శిక్షకుల్లోనే రెండు మాటలున్నాయి. కొన్ని పిల్లలు ఆ కేకకి ఆగిపోతాయి. కొన్ని, ముఖ్యంగా నిద్ర చాలనివి, అప్పటికే రెచ్చిపోయినవి, ఆ కేకతో మరింత రెచ్చిపోతాయి. అరుపు కంటే ఆట ఆగిపోవడమే పాఠమని చాలామంది ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. మాట్లాడకుండా లేచి, అడ్డగేటు అవతలికి వెళ్లి, ఇరవై ముప్ఫై సెకన్లు ఆగి తిరిగి రావాలి. పళ్లు చర్మానికి తగిలిన ప్రతిసారీ మనిషి మాయమైపోవాలి. అరవకుండా, తిట్టకుండా. అలా చేస్తే పండుగాడు నా చేతిని మెత్తగా పట్టడం పది రోజుల్లో నేర్చుకున్నాడు.

పాప దగ్గర మాత్రం ఏమీ నేర్వలేదు. ఎందుకో అర్థం కావడానికి ఒక సాయంత్రమంతా కదలకుండా కూర్చుని ఇద్దరినీ చూడాల్సి వచ్చింది. నేను చేసేదానికి సరిగ్గా వ్యతిరేకం పాప చేస్తోంది. నేను ఆగిపోతాను, తను పరిగెత్తుతుంది. నేను మౌనం, తను కేక. నేను చేతులు కట్టుకుంటాను, తను రెండు చేతులూ తల మీదకి ఎత్తుతుంది, వాడు ఆ చేతుల కోసం ఎగురుతాడు. నేను నిలబడతాను, తను ఏడుస్తూ నేల మీద కూలబడుతుంది, ఇప్పుడు ముఖం వాడి నోటి ఎత్తుకి దిగింది. పైగా తన చేతిలో సగం తిన్న జంతిక. కుక్కపిల్ల వైపు నుంచి చూస్తే ఇంతకంటే మంచి ఆటబొమ్మ లోకంలో లేదు. శిక్షణ అంటే ప్రతిసారీ ఒకే జవాబు రావడం. నాలుగేళ్ల పిల్ల నుంచి ఆ జవాబు ప్రతిసారీ ఆశించడం ఆ పిల్లకి అన్యాయం. డన్‌బార్ చెప్పిన మెట్ల పద్ధతి పెద్దవాళ్లు విడిగా కూర్చుని చెయ్యాల్సిన పని. పసిపిల్లల చర్మం మీద మెత్తని పంటి సాధన కూడా ఉండకూడదు, అక్కడ మొదటి రోజు నుంచీ పన్ను తగలకూడదన్నదే నియమం. ఇవి రెండూ వేర్వేరు బడులు, వీటిని ఒకే గదిలో ఒకేసారి నడపలేం.

పిల్లల వైపు నుంచి జరిగిన పరిశోధన ఈ మాటనే బలపరుస్తుంది. ఆరేళ్లలోపు పిల్లలు కుక్క నోట పడ్డ సంఘటనల్ని ఇలానా రైస్నర్ బృందం 2007లో పరిశీలిస్తే, ఎక్కువగా బయటపడ్డ కారణం తిండి, బొమ్మ, తను పడుకున్న చోటు కాపాడుకోవడం. కరిచింది చాలావరకు తెలిసిన కుక్కే. చిన్నపిల్లల్లో గాయాలు ఎక్కువగా ముఖం మీద, మెడ మీద, తల మీద అవుతాయన్నది అనేక దేశాల్లో తేలిన విషయం, ఎత్తు అలాంటిది మరి. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయంలో కెర్స్టిన్ మైంట్స్ పిల్లలకి కుక్కల బొమ్మలూ వీడియోలూ చూపించి ఒక సంగతి కనిపెట్టింది. పళ్లు బయటపెట్టి బెదిరిస్తున్న కుక్కని చిన్నపిల్లలు చాలామంది "నవ్వుతోంది" అన్నారు. నవ్వే ముఖానికి దగ్గరగా వెళ్లి ముద్దు పెట్టాలనే కదా వాళ్లకి మనం నేర్పింది.

నేర్పితే నేర్చుకుంటారా? సిడ్నీలో 2000 సంవత్సరంలో ప్రచురితమైన ఒక ప్రయోగం ఉంది. ఏడెనిమిదేళ్ల బడిపిల్లలకి అరగంట పాఠం చెప్పి, కొన్నాళ్లకి బడి ఆవరణలో ఒక కుక్కని కట్టేసి, మాటున ఉండి చూశారు. పాఠం విన్నవాళ్లలో 9 శాతం మంది మాత్రమే వెళ్లి కుక్కని నిమిరారు. వినని వాళ్లలో 79 శాతం. ఎంత తేడా! దాన్ని చూసి సంబరపడినవాళ్లు, తర్వాత 2009లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్ష కూడా చదవాలి. పిల్లలకి పాఠాలు చెప్పడం వల్ల కుక్కకాట్ల సంఖ్య నిజంగా తగ్గుతుందని చూపే ప్రత్యక్ష ఆధారం లేదని అందులో తేల్చారు. నా మట్టుకు ఈ రెండూ కొట్టుకునే మాటలు కావు. ఏడేళ్ల పిల్ల బడిలో, కొత్త కుక్క ముందు, నేర్పింది గుర్తు తెచ్చుకోగలదు. నాలుగేళ్ల పిల్ల ఇంట్లో, రోజూ చూసే కుక్కతో, ఆట మధ్యలో గుర్తు తెచ్చుకోలేదు. అందుకే పిల్లకి నేర్పాలి, నేర్పామని నమ్మి వదిలెయ్యకూడదు.

మేం నేర్పింది స్టాట్యూ ఆట. తెలుగిళ్లలో ఆ ఆట తెలియని పిల్లలుండరు. పండుగాడు మీదకి వస్తే "స్టాట్యూ" అంటాను. పాప చేతులు కట్టుకుని, గడ్డం కిందికి దించి, తన కాలి వేళ్లు చూసుకుంటూ నిలబడాలి. నేను వచ్చి వాడిని తీసుకెళ్లేదాకా కదలకూడదు. ముందు వారం రోజులు కుక్క లేకుండానే ఆడాం, అత్తయ్యగారు కుక్కగా నటించారు. తర్వాత వాడి మెడపట్టీకి లీషు వేసి, అది నా చేతిలో ఉంచుకుని ఆడాం. పదిసార్లలో ఆరుసార్లు నిలబడేది. మిగిలిన నాలుగుసార్ల కోసమే లీషు నా చేతిలో ఉంది.

ఆ లీషు గురించి, ఇంట్లో చేసిన మార్పుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో కొరకడం తగ్గింది శిక్షణ వల్ల సగం, వీటి వల్ల సగం. హాలుకీ వంటింటికీ మధ్య వడ్రంగి చేత నడుము ఎత్తు చెక్కగేటు పెట్టించాం. ఫ్లాటు మొత్తంలో పాపదంటూ ఒక గది, పండుగాడు రాకూడనిది. పాప పట్టీలు ఆరు నెలలు బీరువాలోకి వెళ్లాయి. అత్తయ్యగారికి మనసు కష్టపడింది గానీ, పట్టీలు తీసిన రెండో రోజే మడమల మీద దాడి సగానికి సగం తగ్గడం ఆవిడా చూశారు. పాప ఏం తిన్నా బల్ల దగ్గర కూర్చునే తినాలి, చేత్తో పట్టుకుని తిరగకూడదు. పాప వాడికి చేతిలోంచి ఏమీ పెట్టదు. కుర్చీలో కూర్చుని ఉడికించిన గుడ్డు ముక్క నేల మీదకి విసురుతుంది. అలా రోజుకి పదిసార్లు చేస్తే, పాప అంటే ఎగిరి పట్టాల్సింది కాదని, పాప దగ్గర నాలుగు కాళ్లూ నేల మీద ఉంటే మంచిది రాలిపడుతుందని వాడికి తెలిసింది. చిగుళ్ల కోసం పాత తువాలు తడిపి, ముడివేసి, ఫ్రీజర్లో గట్టిపడేదాకా ఉంచి ఇచ్చేవాళ్లం. క్యారెట్టు కూడా అలాగే.

వీటన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చింది నిద్ర. కుక్కపిల్ల రోజులో పదహారు, పద్ధెనిమిది గంటలు పడుకోవాలి. మనుషులు తిరిగే హాల్లో, టీవీ మోగుతుంటే, పాప పదిసార్లు లేపుతుంటే ఎలా పడుకుంటుంది? ఏడింటి పూనకం అల్లరి కాదు, అలసట. పసిపిల్లలున్న తల్లులకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, నిద్ర ముంచుకొచ్చిన పిల్లలే కదా ఒళ్లు తెలియకుండా గెంతి, చివరికి ఏడ్చి పడుకునేది. అయిదున్నరకి పండుగాడిని పడగ్గది మూల దుప్పటి కప్పిన బుట్టలో పడుకోబెట్టి తలుపు చేరవేస్తే, ఏడున్నరకి వేరే కుక్కలా లేచి వచ్చేవాడు.

ఒక సామెత మీద కూడా నాకు పేచీ ఉంది. మొరిగే కుక్క కరవదంటారు. మొరగడం మాట ఎలా ఉన్నా, గుర్రుమనడం విషయంలో ఆ ధీమా పనికిరాదు. పసిపిల్లలున్న ఇంట్లో అసలే పనికిరాదు. బ్రిటన్ పశువైద్యురాలు కెండల్ షెపర్డ్ కుక్క అసౌకర్యాన్ని ఒక నిచ్చెనలా గీసి చూపించింది. కింది మెట్లలో ఆవలింత, మూతి నాక్కోవడం, తల తిప్పుకోవడం. తర్వాత లేచి వెళ్లిపోవడం, ఒదిగి తోక దాచుకోవడం. ఇంకా పైన ఒళ్లు బిగదీసి చూడటం, గుర్రుమనడం. కొసమెట్టు కరవడం. గుర్రుమంటే మనం అరిచి నోరు మూయిస్తే కుక్క ఆ మెట్టు ఎక్కడం మానేసి, నేరుగా పై మెట్టుకి వెళ్తుంది. గుర్రుమన్నప్పుడు పాపని నెమ్మదిగా పక్కకి తియ్యాలి, కుక్కని తిట్టకూడదు, ఎందుకు గుర్రుమందో తర్వాత ఆలోచించాలి. మూడు నాలుగు నెలల పిల్ల గిన్నె మీద ఒళ్లు బిగదీసి గుర్రుమంటుంటే, కదలకుండా నిలబడి చూస్తుంటే, అది ఆట కాదు. ఇంట్లో ప్రయోగాలు చెయ్యకుండా పశువుల డాక్టరుకి చూపించాలి.

రేబిస్ మాట చెప్పకుండా ఈ విషయం మన దేశంలో పూర్తి కాదు. ఇంగ్లండు వాళ్ల పుస్తకాల్లో పాలపంటి గాటుకి సబ్బు రాసి ముద్దు పెడితే సరిపోతుంది. మనకి సరిపోదు. కుక్కపిల్లకి రేబిస్ టీకా సాధారణంగా మూడు నెలలు నిండాకే వేస్తారు. పాపతో ఎక్కువగా కొరుకుడాట ఆడేది సరిగ్గా ఆ ముందు వారాల్లోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండో తరగతి కింద రాసిన వాటిలో, బట్ట లేని చర్మాన్ని కొరకడం, రక్తం రాని చిన్న గీతలు ఉన్నాయి. వాటికి టీకా కావాలి. చర్మం చీలి పన్ను దిగితే మూడో తరగతి, టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా. పాలపన్నైనా సరే, తెచ్చింది డబ్బున్న ఇంటి నుంచైనా సరే. గాటు పడగానే కుళాయి నీటి ధార కింద సబ్బుతో పావుగంట కడగాలి. పావుగంటంటే గడియారం చూసి పావుగంట. కారం, సున్నం, పసుపు, పసర్లు పెట్టకూడదు. తర్వాత అదే రోజు డాక్టరు దగ్గరికి. కుక్కని పది రోజులు గమనించడం కూడా ముఖ్యమే గానీ, ఆ పది రోజులూ చూశాక టీకా వేయిద్దామని కూర్చోకూడదు. ముందు మొదలుపెట్టాలి, కుక్క ఆరోగ్యంగా ఉంటే తర్వాతి డోసుల సంగతి డాక్టరు చూసుకుంటారు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులనే భయం మా అత్తయ్యగారి తరంలో ఇంకా ఉంది. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాత టీకా తయారీని మన దేశం 2004 చివర్లో ఆపేసింది. ఇప్పుడు వేసేది భుజానికి, కండలోనో చర్మంలోనో, నాలుగైదు డోసులు, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. మా పాప మడమ మీద చుక్క రక్తం కనిపించిన రోజు వెళ్లి మొదలుపెట్టాం. ఇంటికి కుక్కపిల్ల వస్తోందనుకుంటే, కాటు పడకముందే పిల్లలకి వేసే టీకా గురించి పిల్లల డాక్టరుని అడగడం ఇంకా మేలు. మాకు అది ఎవరూ చెప్పలేదు.

పండుగాడికి ఇప్పుడు పదకొండు నెలలు. పాప చేతిని నోట్లో పెట్టుకుని ఎన్నాళ్లయిందో నాకు గుర్తులేదు. పాపకి అయిదు నిండాయి, పట్టీలు మళ్లీ కాళ్లకి వచ్చాయి. చెక్కగేటు ఇంక తీసెయ్యమని అత్తయ్యగారు నెల నుంచి అంటున్నారు, దాటుతుంటే ఆవిడకి మోకాళ్లు నొప్పి. వచ్చే నెల మా ఆడపడుచు పదినెలల బాబుని తీసుకుని వస్తోంది. వాడు పాకుతాడు. గేటుకి వడ్రంగి చేత కింద ఇంకో రెండు చెక్కలు కొట్టించాను, ఆవిడ వంగి తియ్యనక్కర్లేకుండా గడియ పైకి మార్పించాను.